వెనక బెంచీకి అక్షరం అందాలంటే: తరగతి గదికి డాక్యుమెంట్ కెమెరా ఎంపిక

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద బాగుపడిన ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి పైతరగతులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి వాడే పెద్ద తెరలు), ప్రాథమిక తరగతులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. తెలంగాణ ఉన్నత పాఠశాలల్లోనూ డిజిటల్ తరగతుల కోసం ఇలాంటి ప్యానెళ్లు పెట్టారు. ప్రైవేటు బడుల సంగతి చెప్పనక్కర్లేదు. గోడకు పెద్ద తెర ఉంది. కానీ దాని మీద కనిపించేది ఎక్కువగా ముందే ఎవరో తయారుచేసి పెట్టిన వీడియోలు, పీడీఎఫ్‌లు. టీచర్ బల్ల మీద ఆ క్షణాన ఉన్నది మాత్రం తెర మీదికి రాదు. ఒక పిల్లవాడు చేసిన లెక్క, నిలువుగా కోసిన మందార పువ్వు, వెర్నియర్ కాలిపర్స్ మీద కలిసిన గీత, వృత్తలేఖినితో కోణాన్ని సమద్విఖండన చేస్తున్న చెయ్యి ముందు బెంచీ వాళ్లకు తప్ప ఎవరికీ సరిగా కనపడవు. ఆ లోటు తీర్చే పరికరమే డాక్యుమెంట్ కెమెరా. మన దగ్గర దుకాణాల్లోనూ టెండర్లలోనూ దీన్ని విజువలైజర్ అని కూడా అంటారు.

చూడ్డానికి టేబుల్ ల్యాంపులా ఉంటుంది. బల్ల మీద నిలబడి, మెడ వంచి కిందికి చూస్తుంది. కింద పెట్టినదాన్ని పెట్టినట్టే తెర మీద చూపిస్తుంది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ల కాలంలో పాఠాన్ని పారదర్శక షీటు మీద రాసుకుని రావాల్సి వచ్చేది. పుస్తకాన్నీ వస్తువునూ ఉన్నవున్నట్టు చూపాలన్న అవసరంలోంచి ఈ కెమెరాలు పుట్టాయి. 1988లో జర్మనీలో జరిగిన ఫోటోకినా ప్రదర్శనలో తొలిసారి జనం ముందుకు వచ్చాయి. ఈనాడు ఎల్మో, ఎప్సన్, ఏవర్, ల్యూమెన్స్, ఐపీవో లాంటి కంపెనీలతో పాటు పేరు తెలియని బ్రాండ్లు కూడా చాలా ఉన్నాయి.

కొనేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని మెగాపిక్సెల్?" అని. తెర మీది బొమ్మ చిన్నచిన్న చుక్కలతో, అంటే పిక్సెళ్లతో ఏర్పడుతుంది, పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. అమ్మేవాళ్లు పెద్దక్షరాల్లో అచ్చువేసేదీ ఆ అంకే. అయితే తరగతి గదిలో పని జరిగేదీ లేనిదీ ఆ అంకె మీద కన్నా, వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు అక్షరం ఎంత పెద్దగా కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద బొమ్మ ఎలా వస్తుంది, ఉన్న ప్యానెల్‌తో కెమెరా కలుస్తుందా అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

వెనక బెంచీ లెక్క

ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. 75 అంగుళాల ప్యానెల్ వెడల్పు సుమారు 166 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు. కాగితాన్ని నిలువుగా పెట్టి మొత్తం పేజీ కనిపించేలా చూపిస్తే తెర మీద అది మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువగా పెరుగుతుంది, అంతే. చివరి బెంచీ ఏడు మీటర్ల దూరంలో ఉంటే, అక్కడ కూర్చున్న పిల్లకు ఆ పేజీ, పుస్తకాన్ని రెండుంబావు మీటర్ల దూరాన పట్టుకున్నట్టు ఉంటుంది. రెండుంబావు మీటర్ల దూరం నుంచి పాఠ్యపుస్తకం ఎవరూ చదవరు. కెమెరా ఎంత ఖరీదైనదైనా, 4కే (దాదాపు నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు బొమ్మ) అయినా, 13 మెగాపిక్సెల్ అయినా ఈ లెక్క మారదు.

అదే పేజీలో 15 సెంటీమీటర్ల వెడల్పు భాగాన్ని మాత్రమే తెర నిండా చూపిస్తే పదకొండు రెట్లు పెరుగుతుంది. అప్పుడు వెనక బెంచీ పిల్లకు పుస్తకం 63 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే బల్ల మీద పెట్టుకుని చదివినట్టే. 65 అంగుళాల తెరైతే అది 73 సెంటీమీటర్ల దాకా పోతుంది, ఇంకాస్త దగ్గరికి చూపించాలి.

కాబట్టి మంచి డాక్యుమెంట్ కెమెరా మొత్తం పేజీ చూపిస్తే సరిపోదు. పేజీలో ఒక లెక్కను, ఒక పేరాను, ఒక బొమ్మను తడుముకోకుండా దగ్గరికి తెచ్చి చూపగలగాలి. మెడను కిందికి దించితే దించిన చోటే నిలబడాలి, అంత దగ్గరలోనూ ఫోకస్ కుదరాలి. కొన్ని కెమెరాలు వస్తువుకు మరీ దగ్గరైతే ఫోకస్ కాలేక బొమ్మను మసకగా చూపిస్తాయి. కనీస ఫోకస్ దూరం ఎంతో స్పెసిఫికేషన్ కాగితంలో ఉంటుంది. 10 సెంటీమీటర్లు అంటే సుఖం, 30 అంటే చిన్న వస్తువులతో కష్టం. మెడ కదల్చకుండా జూమ్ చెయ్యాలంటే ఆప్టికల్ జూమ్ (లెన్సే కదిలి బొమ్మను పెద్దది చేసేది) ఉన్న మోడల్ కావాలి, అవి ఖరీదు. డిజిటల్ జూమ్ మాత్రం ఉన్న బొమ్మలోంచి ముక్క కోసి పెద్దది చేస్తుంది. సెన్సార్‌లో, అంటే కెమెరా లోపల వెలుగును పట్టే చిప్పులో, పిక్సెళ్లు మిగులు ఉన్నప్పుడే అది పనికొస్తుంది.

తెలుగు అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు?

మెగాపిక్సెళ్ల అసలు అవసరం ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లిష్ వాళ్లకు రాసిన సమీక్షలు చదివి "1080 (1920 × 1080 పిక్సెళ్ల బొమ్మ) చాలట" అనుకుంటే మన పిల్లలకు ఇబ్బంది. తెలుగు అచ్చులో అక్షరం కింద వత్తు, పైన గుడి, తలకట్టు, పక్కన దీర్ఘం ఉంటాయి. పాఠ్యపుస్తకంలోని మామూలు సైజు అచ్చులో వత్తు ఎత్తు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకు మించదు. 'అర్థం', 'అర్ధం' అన్న రెండు మాటలకు తేడా అంతా వత్తు కడుపులోని ఒక్క చుక్కే. ఆ చుక్క మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందేమో. లెక్కల మాస్టారు 'వ్యాసార్ధం' చూపించినప్పుడు పిల్లలు దాన్ని తెర మీద చూసే నేర్చుకుంటారు.

నిలువుగా పెట్టిన ఏ4 పేజీ మొత్తాన్ని 1080 గీతల బొమ్మలో ఇరికిస్తే మిల్లీమీటరుకు మూడున్నర పిక్సెళ్లు దక్కుతాయి. చుక్కకు ఒక పిక్సెల్. వత్తు మొత్తానికి ఐదారు. ఆ మీద డిజిటల్ జూమ్ చేస్తే మసక మరకే పెద్దదవుతుంది. 3264 × 2448 సెన్సార్‌తో, అంటే 8 మెగాపిక్సెళ్లతో అదే పేజీకి మిల్లీమీటరుకు ఎనిమిది పైచిలుకు పిక్సెళ్లు వస్తాయి. అప్పుడు జూమ్ చేసినా వత్తు వత్తులాగే ఉంటుంది. అలాగని 1080 కెమెరా పనికిరాదని కాదు. దాని మెడను దించి 15 సెంటీమీటర్ల వెడల్పునే చూపిస్తే మిల్లీమీటరుకు దాదాపు పదమూడు పిక్సెళ్లు వస్తాయి, తెలుగుకు అది బ్రహ్మాండం. డబ్బు తక్కువైతే మంచి స్టాండు ఉన్న 1080 కెమెరా తీసుకోవచ్చు. పేజీని కదల్చకుండా అక్కడక్కడా జూమ్ చేస్తూ పాఠం చెప్పాలనుకుంటే 8 మెగాపిక్సెళ్లు కావాలి. 13, 16 మెగాపిక్సెళ్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం తరగతి గదికి అనవసరం. స్కానింగ్ కూడా చేసుకోవాలంటే వేరే సంగతి.

బొమ్మ వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తినీ చూడాలి. టీవీ తెర ఆకారంలో ఉండే 16:9 బొమ్మలో నిలువు ఏ4 పేజీ నలభై శాతం వెడల్పునే వాడుకుంటుంది, మిగతాదంతా బల్ల చెక్క. 4:3 సెన్సార్ పుస్తకానికి ఎక్కువ దగ్గర.

ఇంకొక మెలిక మన రెండు రాష్ట్రాలదే. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో చాలావరకు ద్విభాషా పుస్తకాలు. ఒక పక్క ఇంగ్లిష్, ఎదురుగా అదే పాఠం తెలుగులో. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, ఆ తర్వాత తెలంగాణలోనూ వచ్చాయి. ఇంగ్లిష్ మీడియం పిల్ల ఇంగ్లిష్ వాక్యం చదివి, అర్థం కానప్పుడు పక్క పేజీలో తెలుగు చూసుకోవడమే వాటి ప్రయోజనం. రెండు పేజీలూ కలిపి చూపాలంటే పరిచిన పుస్తకం దాదాపు ఏ3 (రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన పెట్టినంత) అవుతుంది. స్పెసిఫికేషన్‌లో 'గరిష్ఠ చిత్రణ ప్రాంతం ఏ4' అని ఉన్న కెమెరా ఆ పనికి రాదు. పైగా పుస్తకం మధ్యలో పేజీ వంగి లోపలికి పోతుంది. కుట్టు దగ్గర అక్షరాలు మసకబారుతున్నాయా అన్నది కొనే ముందే ఒక్కసారి పుస్తకం పరిచి చూస్తే తెలిసిపోతుంది.

కెమెరా ఎంత గొప్పదైనా బయటికొచ్చే బొమ్మ తెర స్థాయిని దాటలేదు. పాత ప్రొజెక్టర్ 1024 × 768 అయితే 4కే కెమెరాలోని పిక్సెళ్లలో చాలా భాగం దారిలోనే పోతాయి. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయంటే, అలాంటి గదిలో ముందు మార్చాల్సింది ప్రొజెక్టరే.

తెర మీద పాకే నల్ల గీతలు

కెమెరా తెచ్చి పెట్టగానే బొమ్మ మీద సన్నని చీకటి పట్టీలు పైనుంచి కిందికి పాకడం చాలా గదుల్లో జరిగేదే. పరికరం చెడిపోయిందనుకుని వెనక్కి పంపేవాళ్లు కూడా ఉన్నారు. కారణం కరెంటు. మన దేశంలో కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, కాబట్టి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుకుని తగ్గించుకుంటాయి. కంటికి అది తెలియదు. ఈ కెమెరాల కంపెనీలు కొన్ని ఉన్న తైవాన్‌లోనూ, అమెరికాలోనూ కరెంటు 60 హెర్ట్జ్. ఫ్యాక్టరీ నుంచి 60కి సెట్ అయి వచ్చిన కెమెరా ఒక్కో ఫ్రేముకు, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకు, సెకనులో అరవయ్యో వంతు, నూట ఇరవయ్యో వంతు వెలుగు పట్టుకుంటుంది. మన లైట్ల లయతో అది కలవదు, పట్టీలు పడతాయి. మెనూలోనో సాఫ్ట్‌వేర్‌లోనో యాంటీ ఫ్లికర్ అనో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ అనో ఉండేదాన్ని 50కి మారిస్తే పోతాయి. ఆ సెట్టింగు లేని కెమెరాను మన దేశంలో కొనకపోవడమే మంచిది. ఒకసారి మార్చాక ఆఫ్ చేసి ఆన్ చేస్తే గుర్తుంచుకుంటుందా అన్నది కూడా చూడాలి, లేకపోతే ప్రతి పీరియడ్‌కీ అదే తంతు.

వెలుగు విషయంలో రెండో చిక్కు మెరుపు. పాఠ్యపుస్తకాల అట్టలు, లామినేషన్ చేసిన చార్టులు, నున్నటి కాగితం మీద పైనున్న ట్యూబ్‌లైట్ తెల్లటి చారలా పడుతుంది. కెమెరాకు సొంత ఎల్ఈడీ ఉంటే వాడొచ్చు కదా అనిపిస్తుంది. లెన్సు పక్కనే ఉన్న ఆ దీపం సరిగ్గా లెన్సులోకే తిరిగొచ్చేలా మెరుస్తుంది. నోటుబుక్కు లాంటి మోటు కాగితానికి అది పరవాలేదు, లామినేషన్‌కు మాత్రం ఆపెయ్యడమే మేలు. బల్లను ట్యూబ్‌లైట్ సరిగ్గా నెత్తి మీద లేని చోటికి జరిపి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా చూసుకుంటే ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

తెల్ల కాగితం నిండా కనిపించేటప్పుడు కెమెరా 'వెలుగు ఎక్కువైంది' అనుకుని బొమ్మను బూడిద రంగులోకి దించేస్తుంది. అందుకే వెలుగును చేత్తో పెంచుకునే వీలుండాలి. అంతకన్నా ముఖ్యం ఫోకస్ లాక్. టీచర్ రాస్తున్నప్పుడు చెయ్యి కదిలినప్పుడల్లా ఆటోఫోకస్ చేతి మీదికి, మళ్లీ కాగితం మీదికి వెతుక్కుంటూ ఉంటుంది. బొమ్మ మసకబారడం, తేటపడడం, మళ్లీ మసకబారడం. ఐదు నిమిషాలు చూస్తే పిల్లలకు తలనొప్పి వస్తుంది. కెమెరా తల మీదే ఒక్క బటన్ నొక్కితే ఫోకస్ ఆగిపోయే మోడల్ మిగతా ఎన్ని లోపాలున్నా తరగతికి పనికొస్తుంది. అదే పని సాఫ్ట్‌వేర్ మెనూలో మూడు అంచెల లోపల ఉంటే ఎవరూ వాడరు.

ప్యానెల్‌తో పొత్తు

ఈ కెమెరాలు తెరకు కలిసే దారులు ప్రధానంగా మూడు: యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, వైర్‌లెస్. యూఎస్‌బీ రకం చవక, తేలిక, కరెంటు కూడా అదే తీగలోంచి తీసుకుంటుంది. యూవీసీ అనే సాధారణ ప్రమాణం పాటిస్తే విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ దేనిలోనైనా మామూలు వెబ్‌క్యామ్‌లా, వేరే డ్రైవర్ లేకుండా గుర్తింపు పొందుతుంది. అయితే 'గుర్తించడం' వేరు, ప్యానెల్‌లోని వైట్‌బోర్డు యాప్ ఆ బొమ్మను చూపించడం వేరు. గోడ ప్యానెళ్లు ఎక్కువగా ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. కొన్నింట్లో బయటి కెమెరాను తెరిచే యాప్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ప్యానెల్‌కు నాలుగైదు యూఎస్‌బీ రంధ్రాలు ఉన్నా అన్నీ ఆండ్రాయిడ్‌కు చెందవు. కొన్ని లోపల అమర్చిన కంప్యూటర్‌కు, 'టచ్' అని రాసినది బయటి ల్యాప్‌టాప్‌కు. తప్పు రంధ్రంలో పెట్టి కెమెరా పనిచెయ్యడం లేదనుకోవడం మామూలే.

హెచ్‌డీఎంఐ ఉన్న రకంలో ఈ గొడవ లేదు. తీగ పెట్టి, రిమోట్‌తో సోర్స్ మార్చితే బొమ్మ వచ్చేస్తుంది. కంప్యూటర్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఆలస్యం దాదాపు ఉండదు. కంప్యూటర్ అంటే టెన్షన్ పడే టీచర్లు ఉన్న బడిలో ఇదే మేలు. ఖరీదు ఎక్కువ, దానికి వేరే కరెంటు అడాప్టర్ కావాలి. రెండు దారులూ ఉన్న మోడళ్లు దొరుకుతాయి, వీలైతే అవే తీసుకోవాలి. వైర్‌లెస్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు: వై-ఫై నిలకడగా లేని చోట రాసిన గీత తెర మీదికి కాసేపాగి వస్తుంది, రాసే చేతికీ చూసే కంటికీ లంకె తెగిపోతుంది.

యూఎస్‌బీ రకంలో ఇంకో చిన్న మర్మం ఉంది. 1080 బొమ్మను కుదించకుండా సెకనుకు 30 ఫ్రేములు పంపాలంటే సెకనుకు దాదాపు 100 కోట్ల బిట్లు పోవాలి. యూఎస్‌బీ 2.0 తీగ గరిష్ఠంగా మోసేది 48 కోట్లు. అందుకే కెమెరా బొమ్మను ఎంజేపెగ్ లాంటి పద్ధతిలో కుదించి పంపాలి. యాప్ కుదించని రకాన్ని ఎంచుకుంటే ఫ్రేములు సెకనుకు ఐదుకు పడిపోయి, చెయ్యి కుదుపుకుదుపుగా కదులుతుంది. బొమ్మ నత్తనడక నడుస్తుంటే ముందు యాప్ సెట్టింగుల్లో ఎంజేపెగ్ ఎంచుకుని చూడాలి. పెట్టె మీద '13 మెగాపిక్సెల్' అని ఉన్నది చాలాసార్లు ఫోటో తీసినప్పటి సంగతి. తరగతికి కావాల్సింది ప్రత్యక్ష వీడియో ఏ స్థాయిలో, సెకనుకు ఎన్ని ఫ్రేములతో వస్తుందన్నది. అది విడిగా అడిగి రాయించుకోవాలి.

కరెంటు పోయే ఊళ్లలో ల్యాప్‌టాప్, యూఎస్‌బీ కెమెరా పనిచేస్తూనే ఉంటాయి గానీ ప్యానెల్ ఆగిపోతుంది కాబట్టి పెద్ద ప్రయోజనం లేదు. రికార్డింగు మాత్రం చేసుకోవచ్చు.

మెడ, బల్ల, చెయ్యి

స్పెసిఫికేషన్ కాగితంలో కనిపించనిదీ, వాడేటప్పుడు రోజూ విసిగించేదీ స్టాండు. పాములా ఎటంటే అటు వంగే మెడ చూడ్డానికి బాగుంటుంది. బల్ల కదిలినా, టీచర్ గట్టిగా గీత కొట్టినా, పైన ఫ్యాను గాలి తగిలినా అది ఊగుతుంది. పదకొండు రెట్లు పెరిగిన తెర మీద ఆ ఊపు కూడా పదకొండు రెట్లు. కీళ్లున్న గట్టి చెయ్యి, బరువైన పీఠం ఉన్నదే మంచిది. కుడిచేత్తో రాసేవాళ్లకు పీఠం ఎడమ పక్క ఉండాలి, లేకపోతే మోచెయ్యి తగులుతూ ఉంటుంది. టీచర్ పిల్లల వైపు తిరిగి నిలబడి రాస్తే బొమ్మ తలకిందులుగా వచ్చే అవకాశం ఉంది కాబట్టి 180 డిగ్రీలు తిప్పే బటన్ తప్పనిసరి. ఈ అమరికలో ఒక పెద్ద లాభం ఉంది: బ్లాక్‌బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు చూపాలి, ఇక్కడ ముఖం చూపిస్తూనే రాయొచ్చు. ఒకటి, రెండు తరగతుల్లో 'ఋ' ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో చెయ్యి కదలికతో సహా చూపగలగడం ఈ పరికరం చేసే అన్ని పనుల్లోనూ విలువైనది.

చాక్‌పీసు పొడి లెన్సు మీద పేరుకుంటుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవాలి, చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో తుడిస్తే గీతలు పడతాయి. వాడనప్పుడు గుడ్డ సంచి కప్పి ఉంచాలి.

ఫోనే చాలదా?

చాలామంది అడిగే న్యాయమైన ప్రశ్న ఇది. నేటి మామూలు స్మార్ట్‌ఫోన్ కెమెరా చాలా డాక్యుమెంట్ కెమెరాల కన్నా మెరుగే. నాలుగైదు వందల రూపాయల స్టాండుకు బిగించి, బొమ్మను ప్యానెల్‌కు పంపితే పని జరిగిపోతుంది. ఏడాదికి పదిసార్లు అవసరమయ్యే టీచర్ ఇంతకుమించి కొననక్కర్లేదు. రోజూ వాడాలంటే మాత్రం చిక్కులున్నాయి. పాఠం మధ్యలో ఫోన్ మోగుతుంది, కుటుంబ గ్రూపు మెసేజీలు పిల్లలందరికీ కనపడతాయి. డు నాట్ డిస్టర్బ్ పెడితే కొంతవరకు ఆగుతాయి. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు ఫోన్‌లోనే నమోదు చెయ్యాల్సిన బడుల్లో అదే ఫోన్‌ను స్టాండుకు కట్టేస్తే ఆ పనులు ఆగుతాయి. చాలా ఫోన్లు తీగ ద్వారా హెచ్‌డీఎంఐ బొమ్మ ఇవ్వవు, వైర్‌లెస్ మీద ఆధారపడాలి. ఎండాకాలంలో గంటసేపు కెమెరా నడిస్తే ఫోన్ వేడెక్కి మొరాయిస్తుంది. ఇంట్లో పాత ఫోన్ ఖాళీగా పడి ఉంటే దాన్ని సిమ్ లేకుండా ఇందుకే కేటాయించడం అన్నిటికన్నా చవకైన దారి.

డబ్బు, కొనుగోలు, పరీక్ష

ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25,000 రూపాయలు, 101 నుంచి 250 మంది ఉంటే 50,000. అందులోంచే చాక్‌పీసులు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, కనీసం పది శాతం స్వచ్ఛతకు. అందుకే చిన్న బడి ప్రతి గదికీ ఒకటి కొనాలనుకోవడం కన్నా ఒక్కటి కొని, చేతిలో పట్టుకుపోయేలా పెట్టెలో పెట్టి, అన్ని తరగతులూ వాడుకోవడం నయం. అలాంటప్పుడు మడిచి పెట్టుకోగల యూఎస్‌బీ రకమే కుదురుతుంది. పెద్ద బడిలో సైన్స్ ల్యాబుకు హెచ్‌డీఎంఐ రకం ఒకటి స్థిరంగా బిగించొచ్చు.

జీఈఎం పోర్టల్‌లో (ప్రభుత్వ సంస్థలు సరుకు కొనే వెబ్‌సైటులో) గానీ కొటేషన్లతో గానీ కొన్నప్పుడు తక్కువ ధరకే ఆర్డరు వెళ్తుంది. కాబట్టి మంచీచెడూ అంతా స్పెసిఫికేషన్ రాసేటప్పుడే తేలాలి. '8 మెగాపిక్సెల్' అని మాత్రమే రాస్తే లేని పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్‌తో కల్పించిన సరుకు కూడా అందులో దూరుతుంది. సెన్సార్ అసలు పిక్సెళ్లు, ప్రత్యక్ష వీడియోలో 1080కి తగ్గకుండా సెకనుకు 30 ఫ్రేములు, ఏ3 చిత్రణ ప్రాంతం, 50 హెర్ట్జ్ సెట్టింగు, బటన్‌తో ఫోకస్ లాక్, బొమ్మ తిప్పే వీలు, యూవీసీ, బడిలో ఉన్న ఫలానా ప్యానెల్‌తో పనిచేసి చూపించాలన్న షరతు, వారంటీ సర్వీసు ఏ ఊళ్లో దొరుకుతుందన్నది విడివిడిగా రాయాలి.

డెమో దుకాణంలో కాకుండా తరగతి గదిలోనే, మధ్యాహ్నం కిటికీలు తెరిచి ఉన్నప్పుడు, ట్యూబ్‌లైట్లు వేసి పెట్టించాలి. పరిచిన ద్విభాషా పుస్తకం, పెన్సిల్‌తో రాసిన పిల్లల నోటుబుక్కు, లామినేట్ చేసిన చార్టు, ఒక మందార పువ్వు ముందే సిద్ధం చేసుకోవాలి. పెన్సిల్ రాత ముఖ్యం, సన్నని బూడిద గీతను చవక కెమెరాలు తెల్లకాగితంలో కలిపేస్తాయి. పుస్తకం మొత్తం చూపించమని, తర్వాత ఒక్క పేరాను దగ్గరికి తెమ్మని, అక్కడే రెండు నిమిషాలు రాయమని అడగాలి. అమ్మేవాళ్ల ప్రతినిధి చేత కాదు, దాన్ని రేపటినుంచి వాడబోయే టీచర్ చేత చేయించాలి. చివరి బెంచీలో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి, ఎప్పుడూ చదవని పేరా ఒకటి గట్టిగా చదవమనాలి. వాళ్లు వత్తుల దగ్గర ఆగితే జూమ్ పెంచి, వెలుగు సరిచేసి మళ్లీ చదివించాలి, అప్పటికీ ఆగితే ఆ మోడల్‌ను పక్కన పెట్టి తర్వాతిదాన్ని చూపించమనాలి.